గుండె ఆపరేషన్‌కు వెళ్తున్నారా? షుగరు సంగతి ఇలా చూసుకోండి

గుండె ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ఇంట్లో అందరి ఆలోచనా గుండె చుట్టూనే తిరుగుతుంది. షుగరు గురించి అడిగితే "మందులు వాడుతున్నారుగా" అనేసి ఊరుకుంటారు. కానీ ఛాతీ మధ్యలో కోసిన ఎముక మళ్లీ అతుక్కోవాలన్నా, కుట్లు చీము పట్టకుండా మానాలన్నా ఆ కొద్ది రోజులు షుగరు మాట వినాలి. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి, గాయం ఆలస్యంగా మానుతుంది.

నేను చూసినంతలో షుగరు అదుపు తప్పేది ఎక్కువగా చేతులు మారేటప్పుడే. ఇంటి నుంచి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు, ఇన్సులిన్ డ్రిప్ తీసి సూదులకు మార్చేటప్పుడు, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు. ఈ మూడు చోట్లా రోగి, ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. ఇక్కడ రాసిన మోతాదులు మీ డాక్టర్‌తో వివరంగా మాట్లాడుకోవడానికే. మీ అంతట మీరు మార్చుకోవడానికి కాదు.

ముందు ఏ అంకె కావాలో తెలుసుకోండి

గుండె ఆపరేషన్ వేళ, ఆ తర్వాత కొన్ని రోజులు ఎక్కువమందికి డాక్టర్లు పెట్టుకునే లక్ష్యం డెసిలీటరుకు 100 నుంచి 180 మిల్లీగ్రాములు. కింద రాసిన షుగరు అంకెలన్నీ ఈ కొలతలోనే. ఇంట్లో పరగడుపున 100 చూడడానికి అలవాటుపడినవాళ్లకు ఐసీయూ చార్టులో 165 కనపడగానే కంగారు పుడుతుంది. "ఇంతమంది ఉండీ ఇదేం అదుపు" అని నర్సును నిలదీసినవాళ్లూ ఉన్నారు. అక్కడ 165 మంచి అంకె.

ఈ లక్ష్యం ఊరికే రాలేదు. 1990లలో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో ఆంథొనీ ఫర్నరీ అనే గుండె సర్జన్, ఆయన బృందం షుగరు రోగులకు చర్మం కింద ఇచ్చే సూదులకు బదులు రక్తనాళంలోకి ఆగకుండా ఇన్సులిన్ ఎక్కించారు. రొమ్ము ఎముక లోతుల్లో వచ్చే ఇన్ఫెక్షన్లు సగానికి పైగా తగ్గాయి. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో ఐసీయూ రోగుల షుగరును 80 నుంచి 110 మధ్య బిగించి పడితే మరణాలు తగ్గాయని ఒక పరిశోధన చెప్పింది. అందులో సగానికి పైగా గుండె ఆపరేషన్ అయినవాళ్లే. ఇంకేం, చాలా ఐసీయూలు ఆ దారి పట్టాయి. 2009లో నైస్-షుగర్ పేరుతో ఆరు వేలకు పైగా రోగులతో జరిగిన పరిశోధన కథ మార్చింది. బిగించి పట్టినవాళ్లలోనే మరణాలు ఎక్కువయ్యాయి, షుగరు ప్రమాదకరంగా పడిపోవడమూ వాళ్లలోనే ఎక్కువ. అప్పటినుంచి పద్ధతి ఇదే: 180 దాటనివ్వకూడదు, అలాగని నేలకు దించకూడదు.

తేదీ ఖాయం కాగానే: మూడు నెలల సగటు

హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈమధ్య చేయించకపోతే వెంటనే చేయించండి. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, దానికి అంటుకున్న చక్కెరను కొలిస్తే రెండు మూడు నెలల సగటు బయటపడుతుంది. ముందే తేదీ వేసుకుని చేసే ఆపరేషన్లకు ఇది 8 శాతం లోపు ఉంటే మేలు. అంతకన్నా ఎక్కువుంటే "కొన్ని వారాలు ఆగి షుగరు దించుకుని వస్తే ఫర్వాలేదా?" అని సర్జన్‌ను సూటిగా అడగండి. చివరి మాట మాత్రం గుండెదే. గుండెకు రక్తమిచ్చే ఎడమవైపు ప్రధాన ధమనిలో పెద్ద అడ్డు ఉన్నా, ఊరికే కూర్చున్నా ఛాతీ నొప్పి వస్తున్నా షుగరు కోసం ఆగరు. 10 శాతం ఉన్నా ఆపరేషన్ చేసి, ఇన్సులిన్‌తో నెట్టుకొస్తారు. అలాంటప్పుడు "షుగరు తగ్గాకే చేయించుకుంటాం" అని పట్టుబట్టకండి.

రక్తహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఈ సగటు తప్పుదారి పట్టించవచ్చు. అందుకే రోజువారీ లెక్క కూడా కావాలి. కనీసం రెండు వారాలు పరగడుపున, మధ్యాహ్నం తినేముందు, రాత్రి తినేముందు, పడుకునేముందు కొలిచి రాసి పెట్టుకోండి. ప్రతిసారీ చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని పొడవండి. పండు ఒలిచిన చేత్తో పొడిస్తే వేలి మీదున్న చక్కెర కూడా లెక్కలోకి వచ్చి 140 ఉండాల్సింది 250 చూపించగలదు. ఆ అంకె చూసి ఇన్సులిన్ పెంచితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

తిండి మానేసి అంకె దించే ప్రయత్నం మాత్రం వద్దు. గాయం మానడానికి ఒంట్లో మాంసకృత్తులు కావాలి. ఆపరేషన్ ముందు నీరసించిపోయిన మనిషి ఆ తర్వాత కోలుకోవడం కష్టం.

మందుల జాబితా: తొందరపడకుండా రాయాల్సింది

ఒక కాగితం మీద ప్రతి మందు పేరు, మోతాదు, రోజులో వేసుకునే వేళ, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో రాయండి. అట్టపెట్టె మీది కంపెనీ పేరు ఒక్కటే చాలదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు కూడా కావాలి. ఇంత పట్టుబట్టడానికి కారణం ఒక జాతి మాత్రలు.

పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని వచ్చే మాత్రలున్నాయి: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్. ఇవి చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. వీటిని ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందే ఆపాలి. ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే 4 రోజులు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో ఈ గడువులను మందు వివరాల్లోనే చేర్పించింది. ఆపకపోతే ఉపవాసం, ఆపరేషన్ ఒత్తిడి రెండూ కలిసి రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోవచ్చు. మామూలుగా ఈ స్థితిలో షుగరు 300, 400 దాటి గంట కొడుతుంది. ఈ మాత్రలు వేసుకున్నవాళ్లలో షుగరు 150 దగ్గరే ఉంటూ లోపల ఆమ్లం పెరిగిపోతుంది. వికారం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తాయి. ఆపరేషన్ అయిన మనిషికి ఇవన్నీ మామూలే అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది.

ఇక్కడో చిక్కు కూడా ఉంది. ఈ మాత్రలను గుండె బలహీనతకు, కిడ్నీలకు కూడా రాస్తారు, షుగరు లేనివాళ్లకు సైతం. కాబట్టి "షుగరు మాత్రలేం వాడుతున్నారు?" అని అడిగినప్పుడు రోగి దీన్ని చెప్పడు. అది ఆయన దృష్టిలో గుండె మాత్ర. పైగా మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే బిళ్లగానూ వస్తుంది. డబ్బాలన్నీ తిరగేసి "ఫ్లోజిన్" కోసం వెతకండి. దొరికితే అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేసి ఎప్పటినుంచి ఆపాలో అడగండి.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి సాధారణంగా ఆపరేషన్ రోజు ఉదయం వేసుకోరు. కిడ్నీ పరీక్షను బట్టి మెట్‌ఫార్మిన్‌ను ఇంకా ముందే ఆపమనవచ్చు. వారానికోసారి పొడుచుకునే సెమాగ్లుటైడ్ లాంటి సూదులు పొట్ట ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. ఉపవాసం ఉన్నా కడుపులో ఆహారం మిగిలి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంటుంది. ఈ సూది వాడుతున్నట్టు మత్తు డాక్టర్‌కు రెండు వారాల ముందే చెబితే ఏం చేయాలో ఆయన తీరిగ్గా నిర్ణయిస్తారు.

ఇన్సులిన్ విషయంలో జనం చేసే పని పూర్తిగా మానేయడం. "తినడం లేదు కదా, సూదెందుకు?" అనిపిస్తుంది. రోజంతా పనిచేసే దీర్ఘకాలిక ఇన్సులిన్‌ను మామూలు మోతాదులో 75 నుంచి 80 శాతం ఇవ్వడం, మధ్యస్థంగా పనిచేసే ఎన్‌పీహెచ్ రకాన్ని ఆ ఉదయం సగానికి తగ్గించడం వాడుకలో ఉన్న పద్ధతి. భోజనంతో తీసుకునే సూది మాత్రం భోజనం లేకపోతే లేదు. టైప్ 1 షుగరు (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) ఉన్నవాళ్లు మూల ఇన్సులిన్‌ను, అంటే రోజంతా పనిచేసేదాన్ని, ఒక్క పూట కూడా ఆపకూడదు. ఈ మోతాదు అంకెలతో సహా కాగితం మీద రాయించుకోండి. "కాస్త తగ్గించి తీసుకోండి" అంటే ఎవరికి తోచినంత వాళ్లు తగ్గిస్తారు.

ముందు రాత్రి, ఆ ఉదయం

వీలైతే ఆ రోజు మొదటి ఆపరేషన్‌గా పెట్టమని అడగండి. ఉపవాసం ఎంత సాగితే షుగరు అంత ఊగిసలాడుతుంది. ఏది ఎప్పటివరకు తినాలో తాగాలో మత్తు డాక్టర్ చెప్పినట్టే చేయండి. ఆపరేషన్ ముందు తాగమని కొన్నిచోట్ల ఇచ్చే పిండిపదార్థాల పానీయం షుగరు రోగులకు తగునో కాదో అడక్కుండా తాగకండి.

లేవగానే ఒకసారి, బయల్దేరేముందు ఒకసారి కొలవండి. 70 కంటే తక్కువుంటే ఉపవాసం చెడుతుందని బిగపట్టుకుని కూర్చోవద్దు. మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన మంచినీళ్లు తాగి, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి ఏం తాగారో, ఎన్ని గంటలకో చెప్పండి. వార్డులో ఉంటే నర్సును పిలవండి, రక్తనాళం ద్వారా గ్లూకోజ్ ఇస్తారు. ఒంటికి ఇన్సులిన్ పంపు గానీ, షుగరు సెన్సర్ గానీ ఉంటే ముందే చెప్పాలి. ఛాతీ, కాళ్లు అన్నీ శుభ్రం చేసే ఆపరేషన్ ఇది, అక్కడ అంటించింది ఏదీ ఉండనివ్వరు.

ఐసీయూలో ఏం జరుగుతోంది?

ఇక్కడ మీ చేతుల్లో పని తక్కువ. అయినా ఏం జరుగుతోందో తెలిస్తే కంగారు తగ్గుతుంది. గుండె, ఊపిరితిత్తుల పని తాను చేసే హార్ట్ లంగ్ మెషిన్ మీద ఉన్నంతసేపు శరీరం ఒత్తిడి హార్మోన్లను కుమ్మరిస్తుంది. ఒళ్లు చల్లబరిచినప్పుడు ఇన్సులిన్ సరిగా పనిచేయదు. రక్తపోటు నిలబెట్టడానికి ఇచ్చే అడ్రినలిన్ కూడా చక్కెరను ఎగదోస్తుంది. కాబట్టి షుగరు జబ్బే లేనివాళ్లకు కూడా ఆ రోజు 200 దాటడం వింత కాదు.

మంచం పక్కన సిరంజి బిగించిన చిన్న పంపు ఉంటుంది. చాలాచోట్ల 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో 50 యూనిట్ల ఇన్సులిన్ కలుపుతారు, అంటే మిల్లీలీటరుకు ఒక యూనిట్. పంపు మీద 2.0 అని కనిపిస్తే గంటకు రెండు యూనిట్లు వెళ్తున్నట్టు. గంటకోసారి, కుదుటపడ్డాక రెండు గంటలకోసారి షుగరు చూసి ఆ వేగం మారుస్తారు. ఆ రక్తాన్ని ఎక్కువగా మణికట్టు దగ్గర ధమనిలో పెట్టిన గొట్టం నుంచి తీస్తారు. చల్లబడి, వాచిన వేలికి పొడిచి చూసే మీటరు అప్పుడు తప్పు చెప్పవచ్చు. "ఇంటి మీటరు తెస్తాం, మేమూ చూస్తాం" అని పోటీకి దిగకండి.

ఇన్సులిన్‌తో పాటు పొటాషియంను కూడా పదే పదే చూస్తారు. ఇన్సులిన్ పొటాషియంను కణాల్లోకి నెట్టేస్తుంది. రక్తంలో అది తగ్గితే అప్పుడే కుట్టిన గుండె లయ తప్పుతుంది. "షుగరుకు మందిస్తూ పొటాషియం ఎందుకు ఎక్కిస్తున్నారు?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

డ్రిప్ నుంచి సూదికి: మీరు మెలకువగా ఉండాల్సిన చోటు

రక్తనాళంలోకి వెళ్లే ఇన్సులిన్ నిమిషాల్లో కరిగిపోతుంది. చర్మం కింద ఇచ్చే దీర్ఘకాలిక ఇన్సులిన్ పని మొదలుపెట్టడానికి గంటలు పడుతుంది. డ్రిప్ ఆపేసి, వార్డుకు పంపి, అక్కడ రాత్రికి సూది ఇస్తే మధ్యలో కొన్ని గంటలు ఒంట్లో ఇన్సులిన్ ఉండదు. పొద్దున 140 ఉన్న మనిషి సాయంత్రానికి 280కి చేరేది ఇలాగే. అందుకే మొదటి దీర్ఘకాలిక సూది ఇచ్చిన సుమారు రెండు గంటల తర్వాతే డ్రిప్ తీయాలి.

ఐసీయూ నుంచి మారుస్తున్నామని చెప్పగానే నర్సును మర్యాదగానే అడగండి: "అమ్మా, దీర్ఘకాలిక ఇన్సులిన్ ఇచ్చారా? ఎన్ని గంటలకు? డ్రిప్ ఎప్పుడు తీస్తారు?" ఈ మూడు ప్రశ్నలు ఎవరినీ తప్పుపట్టేవి కావు. షిఫ్టు మారే వేళ అడిగితే మరీ మంచిది.

వార్డులో కొన్నిచోట్ల ఇంకా ఒక పాత అలవాటుంది. షుగరు చూడడం, ఎక్కువుంటే ఇన్ని యూనిట్లు, లేకపోతే ఏమీ లేదు. పెరిగాక వెంటపడే పద్ధతి ఇది. దీని మీదే నడిపితే రోజంతా ఎక్కడం దిగడమే. రోజుకో మూల మోతాదు, భోజనానికో మోతాదు, అవసరమైతే దిద్దుబాటుకు కొంచెం, ఇలా మూడు పాళ్లుగా రాసి ఉందో లేదో డ్యూటీ డాక్టర్‌ను అడగండి.

భోజనం సూది దగ్గర జరిగే పొరపాటు చెబుతాను. ట్రే వస్తుంది, నర్సు సూది ఇచ్చి వెళ్తుంది. అంతలో ఫిజియోథెరపిస్టు వచ్చి నడిపించడానికి తీసుకెళ్తారు. తిరిగొచ్చేసరికి ఆహారం చల్లారిపోయి, రోగికి వికారం పుట్టి రెండు ముద్దలతో వదిలేస్తాడు. ఇన్సులిన్ మాత్రం పూర్తి భోజనానికి సరిపడా లోపలికి వెళ్లిపోయింది. మొదటి రోజుల్లో ఆకలి నమ్మదగింది కాదు. "ఈ పూట సరిగా తినేలా లేరు" అని సూదికి ముందే చెప్పండి. తిన్న వెంటనే, తిన్నదాన్ని బట్టి ఇచ్చే వెసులుబాటు ఉంటుంది.

షుగరు పడిపోతే

70 కంటే తగ్గితే లో షుగర్. 54 కంటే తగ్గితే ఒక్క నిమిషం ఆగకూడదు. గుండె ఆపరేషన్ తర్వాత చాలామందికి గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు ఇస్తారు. లో షుగర్ రాగానే గుండె దడ, చేతుల వణుకు వచ్చి హెచ్చరించాలి, ఈ మందులు ఆ రెండింటినీ కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది. చల్లటి చెమట పట్టినా, మాట తడబడినా, విసుగుతో పొంతన లేకుండా మాట్లాడినా ముందు షుగరు చూడమనండి. "మత్తు ఇంకా దిగలేదేమో" అన్న అనుమానం తర్వాత చూసుకోవచ్చు.

మింగగలిగితే 15 గ్రాముల చక్కెర: గ్లూకోజ్ బిళ్లలు, లేదా మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు, లేదా అర గ్లాసు పండ్లరసం. చాక్లెట్‌లోని కొవ్వు చక్కెర ఎక్కడాన్ని ఆలస్యం చేస్తుంది, ఈ పనికి అది పనికిరాదు. 15 నిమిషాల తర్వాత మళ్లీ కొలవాలి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి, కేకేసి సిబ్బందిని పిలవండి.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ కాగితంలో ఏ పాత మందు మళ్లీ మొదలుపెట్టాలి, ఏది ఆపాలి, ఏది కొత్తది అని మూడు ముక్కలుగా రాయించుకోండి. "పాత మందులు కొనసాగించండి" అన్న ఒక్క వాక్యం మీద సంతకం పెట్టించుకుని రావద్దు. ముఖ్యంగా ఫ్లోజిన్ మాత్ర, మెట్‌ఫార్మిన్ ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో తేదీతో కావాలి.

ఆపరేషన్ ఒత్తిడి తగ్గేకొద్దీ ఇన్సులిన్ అవసరం కూడా తగ్గుతుంది. ఆసుపత్రిలో 30 యూనిట్లు పట్టిన మనిషికి కొన్ని వారాల్లో 18 చాలవచ్చు. ఇన్సులిన్ వాడుతూ పరగడుపు అంకె రెండు మూడు రోజులు వరసగా 100 కిందకు వస్తుంటే అవసరం తగ్గుతున్న గుర్తు కావచ్చు, 70 వచ్చేదాకా ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. మామూలుగా ఇంట్లో లక్ష్యం పరగడుపున 80 నుంచి 130, తిన్న తర్వాత 180 లోపు. వృద్ధులకు, తరచూ లో షుగర్ వచ్చేవాళ్లకు ఇంకాస్త సడలిస్తారు. "ఒకసారి ఇన్సులిన్ మొదలుపెడితే జన్మంతా తప్పదు" అన్న భయంతో సూది మానేసేవాళ్లున్నారు. అంతకుముందు మాత్రలతో సరిపోయిన చాలామంది మళ్లీ మాత్రలకే వస్తారు, కాకపోతే డాక్టర్ చెప్పాక.

సూది పొడిచే చోటు కూడా చూసుకోండి. బైపాస్ కోసం సిర తీసిన కాలి తొడలో పొడవకండి. పొట్ట మీద అయితే గొట్టాలు పెట్టిన గాయాలకు దూరంగా, రోజూ చోటు మారుస్తూ పొడవండి.

తిండి మారలేదు, మందు తప్పలేదు, అయినా షుగరు ఉన్నట్టుండి 250 దాటి దిగకపోతే గాయాన్ని జాగ్రత్తగా చూడండి. ఇన్ఫెక్షన్ మొదలైనప్పుడు జ్వరం కంటే ముందే మీటరు చెప్పడం అరుదేమీ కాదు. ఎర్రదనం, చెమ్మ, చీము, పెరుగుతున్న నొప్పి, దగ్గినప్పుడు రొమ్ము ఎముక కదిలినట్టు లేదా టక్కుమన్నట్టు అనిపించడం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు సర్జన్‌కు చూపించండి.

షుగరు జబ్బు లేదనుకున్నవాళ్లకు

ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఇన్సులిన్ ఇస్తే "నాకు షుగరు వచ్చేసిందా?" అని అడుగుతారు. కొందరికి అది ఆ ఒత్తిడి వల్ల వచ్చి పోయేదే. కొందరికి ముందునుంచీ ఉండి బయటపడనిది. తేల్చేది ఆపరేషన్‌కు ముందు తీసిన హెచ్‌బీఏ1సీ: 6.5 శాతం, ఆపైన ఉంటే జబ్బు ముందే ఉన్నట్టు, 5.7 నుంచి 6.4 అయితే అంచున ఉన్నట్టు. ముందు చేయించకపోతే ఆపరేషన్ అయిన వెంటనే చేయించి లాభం లేదు. ఎక్కించిన రక్తంలో వేరేవాళ్ల కణాలుంటాయి, సగటు తప్పుగా వస్తుంది. ఈలోగా పరగడుపు షుగరు చూపించుకుంటూ, సుమారు మూడు నెలలు ఆగి ఆ పరీక్ష చేయించండి.